ఇరవై మూడో ఇంటి గోడ

నమోదు 1406. ఇల్లు 9.

రెక్క పద్నాలుగు వేళ్ళు. మనుషులు ఒకరు. ఊరిని కప్పిన పందిరి మీద మబ్బు లేదు.

రిమార్కు: ఈ గడికి హద్దు పెట్టకుండా పుస్తకం అచ్చు వేశారు. కేంద్రానికి ఫోన్ చేసి అడిగితే ఎంతైనా రాసుకోమన్నారు. చదువుతారా అంటే చెప్పలేదు. కాబట్టి రాస్తున్నాను.

తొమ్మిదో ఇల్లు ఉరుకుందుది. భార్య పుట్టింటికి పోయి మూడేళ్ళయింది. ఇంట్లో అతను, నాలుగు మేకలు. కట్టెల పొయ్యి నడింట్లోనే ఉంది. గోడలు, దూలాలు, కిందికి వేలాడే బూజు, అన్నీ ఒకే నలుపు. కొత్తలో, కేంద్రంలో ఫోటోలు చూసే యంత్రపు కన్ను మేకల నీడల్ని కూడా మనుషులుగా లెక్కవేసి ఐదుగురని రాసుకుంది. దిద్దించడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు దానికి మేకలు తెలుసు. ఊళ్ళో ప్రతి మనిషి నీడా తెలుసు.

"అన్నా, ఈ ఎండ రోంత తగ్గించమని రాయప్పా" అన్నాడు ఉరుకుందు. "పగటి పూట పడుకునేకి లేదు. మొగం మీద తువ్వాల ఏసుకున్నా దూరతాంది."

"పగలు పడుకునేదెందుకు?"

"ఇంత వెలుతురు పెట్టుకొని మల్లేం చేయమంటావు?"

రాస్తానన్నాను. రాశాను.

నమోదు 1409. ఇల్లు 23.

రెక్క ఆరు వేళ్ళు. మనుషులు ఒకరు.

రిమార్కు: సుంకమ్మవ్వ ఇల్లు. డెబ్బై దాటిన మనిషి. బొంతలు కుడుతుంది. ఈతలదిన్నెలో నలభై ఆరు ఇళ్ళు ఉంటే, ఆమె కుట్టిన బొంత లేని ఇల్లు లేదు. ఉరుకుందు మేకలు పడుకునేది కూడా ఆమె కుట్టిన పాత బొంత మీదే.

నేను పోయేసరికి గోడకు సున్నం తడి ఆరలేదు. గుమ్మం అలికి ముగ్గు వేసింది. ఉతికిన చీర కట్టుకొని నిలబడింది.

"నీడ మాత్రమే పడుతుంది కదవ్వా, దానికి ఉతికిన చీరెందుకు?" అన్నాను.

"నీడకు తెలీదులే. నాకు తెలుస్తాది" అంది.

ఫోటో పద్ధతి ప్రకారం తీశాను. నేలలో దిగ్గొట్టిన రాగి మేకు మీద స్టాండు నిలపాలి. మూరెడు కొలబద్దను వెలుగు పట్టీలో నిలబెట్టాలి. ఇంటివాళ్ళు వెలుగులో నిలబడితే వాళ్ళ నీడలు గోడ మీద పడతాయి. మొహాలు రాకూడదు. నా నీడ రాకూడదు. ఇంట్లో ఏ వస్తువునూ కదపకూడదు. ఫోటో ఒక్కటే, రెండోది పంపినా యంత్రం తీసుకోదు. ఫోటో చూసి కేంద్రంలోని కన్ను ఆ ఇంటికి ఎంత వెలుగు చాలుతుందో తేలుస్తుంది. మళ్ళీ సోమవారానికి ఇంటిపైన పందిరి రెక్క అన్ని వేళ్ళ వెడల్పున తెరుచుకుంటుంది.

తీశాక మజ్జిగ ఇచ్చింది. ఇల్లు చూస్తే కళ్ళు చల్లబడతాయని అన్నాను. పదకొండేళ్ళుగా ప్రతి నెలా అదే మాట అంటున్నాను.

"కళ్ళు సల్లబడేది కాదురా, నా కళ్ళకు వెలుతురు సాలకుండా పోతాంది" అంది. "పోయిన నెల ఏడు, ఈ నెల ఆరు. సూదిలో దారం ఎక్కిచ్చేకి గడప కాడికి పోతాండా. ఏం తప్పు చేసినానో అడిగి చెప్పు."

అడుగుతానన్నాను.

నమోదు 1413. ఇల్లు లేదు, సెలవు దినం.

రిమార్కు: లెక్కలు చూసే మనుషుల్ని తీసేసి కంటికి అప్పగించి నాలుగు నెలలయింది. అప్పుడు సుంకమ్మవ్వ రెక్క తొమ్మిది వేళ్ళు. తర్వాత ఎనిమిది, ఏడు, ఆరు. ఉరుకుందుకు ఏడుండేది, పద్నాలుగైంది. ఊరి మొత్తానికి ఇచ్చేది మూడు వందల వేళ్ళు. ఒక ఇంటికి పెరిగితే ఇంకో ఇంటికి తగ్గాలి.

నియమాల కాగితం మళ్ళీ చదివాను. ఒంటి మనిషి ఇంట్లో రెక్క మూడు వేళ్ళ కంటే తగ్గితే దాన్ని పూర్తిగా మూసి, ఆ మనిషిని దీపాల వరుసకు మార్చాలి. ఇద్దరు గాని అంతకు పైన గాని ఉన్న ఇంటికి మూత లేదు, ఆరు వేళ్ళకు తగ్గకుండా ఇచ్చి తీరాలి. దీపాల వరుస ఊరికి ఉత్తరాన ఉంది. బల్బులు బాగానే వెలుగుతాయి. ఆ వెలుగులో నల్ల దారం, నీలం దారం ఒకటే. ఎరుపు, మట్టిరంగు ఒకటే. అక్కడ బొంతలు కుట్టేవాళ్ళు ఎవరూ లేరు.

నాలుగు నెలల ఫోటోలు చాప మీద పరిచాను. తొమ్మిదో ఇల్లు ఒక వరుస, ఇరవై మూడో ఇల్లు ఒక వరుస. గంటసేపు చూశాను. నాకు ఏమీ తెలియలేదు. మా ఆవిడ నాగవేణి బియ్యం చాట పట్టుకొని వచ్చి నిలబడింది.

"అవ్వది ఎంత తెల్లగుండాదో సూడు" అంది. "ఉరుకుందుది పొయ్యిలో తలకాయ పెట్టి తీసినట్టుండాది."

"ఎండ ఉరుకుందు ఇంట్లోనే ఎక్కువ కదా."

"ఎండ నేల మీద కదయ్యా పడేది. ఆ సున్నపు గోడ దాన్ని మల్లా ఇల్లంతా ఎగజల్లుతాంది. సూసేవాళ్ళకు ఆ యమ్మ ఇంట్లో యాడసూసినా వెలుతురే. ఉరుకుందు గోడ వొచ్చిన ఎండను వొచ్చినట్టు మింగుతాంది. పాపం సీకట్లో ఉండాడని ఇంకింత పోస్తాండారు."

ఇంత చెప్పి వంటింట్లోకి పోయింది. నేను మళ్ళీ చూశాను. సున్నం వేసుకున్న ప్రతి ఇంటికీ తగ్గింది. మిగతా ఇళ్ళలో ఇద్దరు, అంతకు పైన ఉన్నారు కాబట్టి ఆరు దగ్గర ఆగింది. ఒంటిగా ఉంటూ సున్నం వేసుకునేది సుంకమ్మవ్వ ఒక్కతే.

ఫోటో మనిషి వస్తున్నాడంటే ఇల్లు శుభ్రం చేసుకోవడం ఈ ఊళ్ళో మొదటినుంచీ ఉంది. ఆఫీసు చూస్తుందని చేస్తారు. సుంకమ్మవ్వను చూసి నేర్చుకోండని ఇంటింటికీ చెప్పినవాణ్ణి నేనే.

నమోదు 1421. ఇల్లు 38.

రెక్క ఎనిమిది. మనుషులు ఐదుగురు. నీడలు స్పష్టం.

రిమార్కు: కేంద్రానికి విన్నపం పంపి వారమైంది. జవాబు వచ్చింది. "మీ పరిశీలన స్వీకరించబడింది. వెలుగు కొలతలో గోడ రంగు ఒక అంశంగా చేర్చబడలేదు. కావున గోడ రంగు వలన తేడా రావడం సాధ్యం కాదు."

రెండుసార్లు చదివాను. రెండుసార్లూ అదే ఉంది.

నమోదు 1424. ఇల్లు 23, ఫోటో లేదు. మాట కోసం పోయాను.

రిమార్కు: సుంకమ్మవ్వకు విషయం చెప్పాను. ఈసారి సున్నం వేయొద్దు, వీలైతే పొయ్యి నడింట్లో పెట్టి నాలుగు రోజులు పొగ పట్టనివ్వమన్నాను. ఆమె సూది ఆపలేదు. గడప మీద కూర్చొని కుడుతోంది.

"అంటే మసి పూసుకోమంటావు."

"గోడకవ్వా."

"ఆఫీసోళ్ళు నన్ను యానాడన్నా సూసినారా? ఊళ్ళోకి వొచ్చినారా? నా పేరన్నా వాళ్ళకు తెలుసా?"

"ఇంటి నంబరు తెలుసు."

"వాళ్ళు సూసేది ఈ గోడ ఒకటే. అదే నా మొగం వాళ్ళకు. మొగానికి మసి పూసుకొని నిలబడితే ఎండ పోస్తామంటే, ఆ ఎండ నాకొద్దు."

"మూత పడితే దీపాల వరుసకు పొమ్మంటారు."

"పొమ్మంటే పోతా. గోడకు సున్నమేసి మరీ పోతా."

దారం తెంచింది. నీలం దారం అనుకొని నల్లది ఎక్కించిందని అప్పుడు చూసుకుంది. నన్ను చూడకుండా విప్పింది.

ఈ మాటలు పక్కసందులో మేకలు కాస్తున్న ఉరుకుందు విన్నాడు. నేను బయటికి వచ్చేసరికి నవ్వుతున్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాను. చెప్పనన్నాడు.

నమోదు 1427. ఇల్లు 4.

రెక్క ఏడు. మనుషులు నలుగురు. గోడ నలుపు.

రిమార్కు: పోయిన నెల ఈ గోడ తెలుపు.

నమోదు 1428. ఇల్లు 5.

రెక్క ఆరు. మనుషులు ముగ్గురు. గోడ నలుపు. ఇంటావిడ చేతులు కూడా.

నమోదు 1432. ఇల్లు 9.

రెక్క పదహారు. మనుషులు ఒకరు.

రిమార్కు: ఉరుకుందు ఇంటి ముందు ఏడుగురు ఆడవాళ్ళు చాటలు, డబ్బాలు పట్టుకొని నిలబడ్డారు. మసి కోసం. అతను దూలం మీదికెక్కి గీకి ఇస్తున్నాడు. పుట్టాక ఇంతమంది అతని ఇంటికి రావడం ఇదే మొదటిసారట.

"అన్నా, నా ఇల్లు బాగలేదని మూతి తిప్పుకుంటాండ్రి. ఇప్పుడు సూడు" అన్నాడు.

"చెప్పనంటివి కదా."

"నేనేం చెప్పల్యా. అడిగితే లేదనల్యా, అంతే."

అతని గోడ అక్కడక్కడ తెల్లబడింది. మసి పంచితే నీకు ఎండ తగ్గుతుందని చెప్పాను. మంచిదే కదన్నాడు.

నమోదు 1436. ఇల్లు 23.

రెక్క నాలుగు వేళ్ళు. మనుషులు ఒకరు. గోడ తెలుపు.

రిమార్కు: ఊళ్ళో నలభై రెండు ఇళ్ళు నల్లబడ్డాయి. అందరూ చీకట్లో ఉన్నారని కన్ను అందరికీ పెంచాలనుకుంది. మూడు వందల వేళ్ళలోంచే పెంచాలి. తెల్లగా ఉన్న ఇంటినుంచి తీసింది. మంచి చేయబోయి ఆమెకు ఒకేసారి రెండు వేళ్ళు పోగొట్టాను. నేను చెప్పకపోతే ఒకటే పోయేది.

కేంద్రం నుంచి ఒక కాగితం ఆమెకు వచ్చింది. చదివి వినిపించమంది. రెక్క మూడు కంటే తగ్గే అవకాశం ఉన్నందున, వచ్చే నెల ఫోటో తర్వాత దీపాల వరుసలో గది ఏర్పాటు చేయబడునని ఉంది. గది నంబరు కూడా ఉంది. కాగితం కింద రెండు సంతకాలు.

"గదికి గోడలుండాయా?" అంది.

"రేకులవ్వా. సున్నం నిలవదు."

కాగితం నా చేతిలోంచి తీసుకొని, మడిచి సూదుల డబ్బాలో పెట్టింది.

నమోదు 1451. ఇల్లు 31.

రెక్క ఏడు. మనుషులు ఇద్దరు.

రిమార్కు: ఇది మా ఇల్లు. సున్నం వేసి నాలుగేళ్ళయింది, మసి ప్రత్యేకంగా పూయలేదు. మా ఇంటి ఫోటోకు నేనూ నీడగా నిలబడాలి కాబట్టి, కెమెరాకు పది లెక్కపెట్టే మీట పెట్టి, పోయి నాగవేణి పక్కన నిలబడతాను. పదకొండేళ్ళలో నా నీడ ఫోటోలో పడింది ఈ ఇంట్లో మాత్రమే.

మా నాయన ఈ ఊరి నీరటి. కాలువ ఉన్న రోజుల్లో పొలాలకు వంతుల ప్రకారం నీళ్ళు వదిలేవాడు. తూము పలక ఎత్తేటప్పుడు ఎవరి మొహమూ చూసేవాడు కాదు. మా చేను కాలువ చివర. ఒక ఏడు మా వరి కళ్ళముందే ఎండింది. పక్కవాడి వంతులో ఒక్క గంట తీసుకొమ్మని మా అమ్మ అడిగితే, ఆయన ఆ రోజు ఇంట్లో అన్నం తినలేదు. నాకు ఈ పని ఇచ్చినప్పుడు ఆయన కొడుకునని ఇచ్చారు.

ఒకసారి మాత్రం ఆయన తప్పు వంతు వదిలాడు. పక్క చేనులో ఒక ముసలామె నారు ఎండిపోతుంటే తన వంతు ఆమెకు ఇచ్చాడు. తన వంతే కాబట్టి తప్పు కాదన్నాడు.

నమోదు 1466. ఇల్లు 23.

రెక్క నాలుగు వేళ్ళు. గోడ తెలుపు. ఆకాశం తెరిపి.

రిమార్కు: ఉదయం పది గంటలకు పోయాను. నిన్ననే సున్నం వేసింది. ఒకటి కాదు, రెండు పూతలు. ఆఖరిది కదా అంది. బొంతలు మూట కట్టి మూలన పెట్టింది. మూట కూడా ఫోటోలో వస్తుందా అని అడిగింది. వస్తుందన్నాను. దాని మీద ఉతికిన దుప్పటి కప్పింది. తీసేముందు ఇంటివాళ్ళు ఏమైనా కదుపుకోవచ్చు, నేను కదపకూడదు.

ఆమె వెలుగులో నిలబడింది. కొలబద్ద పెట్టాను. పది లెక్కపెట్టే మీట పెట్టాను. స్టాండు ముందుకు నడిచి ఆమె పక్కన నిలబడ్డాను.

"ఏందిరా తిప్పన్నా, ఈడికొచ్చి నిలబడితివి?"

"కదలొద్దవ్వా."

"నా గోడ మీద నీ నీడ పడతాంది రా! పక్కకు జరు..."

ఆ మాట దగ్గర ఫోటో పడింది. నాలుగు వేళ్ళ వెలుగులో మనిషి మొత్తం పట్టడు. నా తల, ఒక భుజం పడ్డాయి. చాలు. పక్కన ఆమె నీడ చేయి ఎత్తి నన్ను తోస్తూ ఉంది.

ఇంకోటి తీయమంది. రెండు పూతల సున్నం వేస్తే మధ్యలో నీ తలకాయ ఏమిటని అడిగింది. రెండోది యంత్రం తీసుకోదన్నాను. ఆ రోజు మజ్జిగ ఇవ్వలేదు.

ఫోటోలో గోడ మీద ఉన్న రెండో నీడ నాది. తిప్పన్న, ఇల్లు 31. నేను ఈ ఇంట్లో ఉండను. ఇది ఇక్కడ రాసి పెడుతున్నాను. దాచడం లేదు.

నమోదు 1471. సోమవారం. ఇల్లు లేదు.

రిమార్కు: కేంద్రం నుంచి రెండు కాగితాలు.

ఇల్లు 23. మనుషులు ఇద్దరు. రెక్క ఆరు వేళ్ళు. దీపాల వరుసలో గది రద్దు.

ఇల్లు 31. మనుషులు ఒకరు. రెక్క నాలుగు వేళ్ళు. తిప్పన్న ఇరవై మూడో ఇంటికి మారినట్టు గుర్తించబడింది. ఒక మనిషికి రెండు చోట్ల వెలుగు ఉండదు.

ఇది నేను అనుకోలేదని రాస్తే అబద్ధం. నాగవేణికి ముందు చెప్పలేదు. అది తప్పు.

సుంకమ్మవ్వ దగ్గరికి పోయి కాగితం చదివి వినిపించాను. మొత్తం విన్నది.

"అయితే ఇంగ నెలనెలా నీ తలకాయ నా గోడ మీద ఉంటాది."

"ఉంటుందవ్వా."

"అట్లయితే తల దువ్వుకొని రా. ఆ ఫోటోలో గడ్డివాములాగా ఉండాది" అంది. మజ్జిగ ఇచ్చింది.

బయట ఉరుకుందు ఎదురొచ్చాడు. కాగితంలో సంగతి అతనికి అప్పటికే తెలుసు.

"ఏమన్నా, కొత్త కాపురమంట?"

అతని రెక్క పదకొండుకు వచ్చింది. నిద్ర పడుతోందట.

నమోదు 1475. ఇల్లు 12.

రెక్క ఆరు. మనుషులు ముగ్గురు. గోడ నలుపు.

రిమార్కు: మధ్యాహ్నం అన్నంలో రెండు రాళ్ళు వచ్చాయి. నాగవేణి అన్నంలో రాయి రావడం పెళ్ళయ్యాక ఇదే మొదలు. నేను పక్కకు తీసి పెట్టాను. ఆమె చూసింది.

"వంటింట్లో చాట కనపడతాంది, బియ్యం కనపడతాండాయి. రాయేదో, బియ్యమేదో కనపడల్యా" అంది. "రెక్క ఎందుకు తగ్గిందో ఇప్పుడన్నా చెప్తావా, ఇంగ ఉరుకుందు నోటినుంచే వినాల్నా?"

చెప్పాను. మొదటినుంచి చెప్పాను. చెప్పడం అయ్యేసరికి ఎంగిలి చేయి ఆరిపోయింది.

"నన్నడిగింటే వద్దందునా?"

"అనేదానివి కాదు."

"మల్ల?"

లేచి రెండు రాళ్ళూ తీసి వాకిట్లో పారేశాను.

నమోదు 1480. ఇల్లు 31.

రెక్క నాలుగు వేళ్ళు. మనుషులు ఒకరు.

రిమార్కు: కాగితం ప్రకారం నేను ఈ ఇంటి మనిషిని కాదు. కాబట్టి మిగతా ఇళ్ళలో లాగే స్టాండు వెనక నిలబడి తీశాను. నా నీడ పడకుండా చూసుకున్నాను. గోడ మీద నాగవేణి నీడ ఒక్కటే వచ్చింది. పక్కన నేను నిలబడే చోటు వదిలి నిలబడింది. జరగమనలేదు.

ఫోటో అయ్యాక చాటలో రెండు శేర్ల బియ్యం పోసుకొని చెప్పులు వేసుకుంది.

"యాడికి?" అన్నాను.

"నీ వెలుతురు అవ్వ ఇంట్లో ఉండాదని కాయితం పంపినారు కదా. ఆడికే. నా మొగుడి వెలుతురులో నేను కూర్చుంటే ఎవరడిగేది?"

పదకొండు గంటలకు పన్నెండో ఇంటి సందులోంచి వస్తూ ఇరవై మూడో ఇంట్లోకి చూశాను. ఇద్దరూ వెలుగు పట్టీలో ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకరి చేతిలో చాట, ఒకరి చేతిలో బొంత. నాగవేణి వీపు గోడకు ఆనించి ఉంది.

"తిప్పన్నా, గోడకు ఆనుకోవద్దని మీ ఆడమనిషికి చెప్పు. పొద్దున్నే ఏసినా" అని అరిచింది సుంకమ్మవ్వ.

"ఆనుకోకుంటే నడుము నొస్తాదవ్వా" అంది నాగవేణి. జరగలేదు.

నాగవేణి ఇంటికి వచ్చి వంట చేసేసరికి రెండు దాటింది. అన్నంలో రాయి రాలేదు. ఆమె వీపు మీద సున్నం ఉంది.